కాటా ఎక్కని కోడి

శంషాబాద్ విమానాశ్రయంలో కాటాకున్నంత విలువ మనిషికి కూడా లేదు. దేశీయ విమానంలో మామూలు టికెట్టుకి సామాను 15 కిలోలు, చేతిసంచి 7. ముల్లు కాస్త అటు జరిగితే ఆవకాయ సీసా బయటికి తీయాల్సిందే. అక్కణ్ణించి నాలుగడుగులు లోపలికి వేస్తే మాత్రం తూకం అన్న మాటే వినపడదు. మెనూలో 'చికెన్ స్ప్రింగ్ రోల్' ఉంటుంది, పక్కన ధర ఉంటుంది, పదికి తక్కువ కాకుండా శాఖలున్న సంస్థయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం కేలరీలూ ఉంటాయి. పేరులో ముందు కూర్చున్న కోడి ఎన్ని గ్రాములో మాత్రం ఉండదు. పైగా ఇది ప్రోటీన్ చిరుతిండి అట!

లోపల ఉండేది మైదా పొర, క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, సోయాసాస్, వేగేటప్పుడు పీల్చిన నూనె. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. వంద గ్రాముల రోల్‌లో ధారాళంగా 20 గ్రాముల ఉడికిన చికెన్ వేశారనుకుందాం. దాని ప్రోటీన్ దాదాపు ఆరు గ్రాములు. 65 కిలోల మగమనిషికి రోజుకి 54 గ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కోడినే నమ్ముకుంటే తొమ్మిది రోల్స్ మింగాలి. అదే రోల్ పది గ్రాముల నూనె పీల్చిందనుకోండి, 90 కేలరీలు. ఆ చికెన్ ఇచ్చేవి ముప్పై చిల్లర. న్యాయంగా దాన్ని నూనె రోల్ అనాలి. నేతిబీరకాయ నయం, అది ఎన్నడూ నెయ్యి రేటు అడగలేదు.

వసంత పండక్కి చైనావాళ్లు తినే వంటకమిది, కూరలే ఎక్కువుండాలి అంటారు కొందరు. ఉండనివ్వండి, కూర రోల్ అనే పిలవండి. అద్దెలెక్కువంటారు ఇంకొందరు. అద్దె ధరకి కారణం కావచ్చు, దాపరికానికెలా అవుతుంది? దుకాణంలో అమ్మే ప్యాకెట్ మీద పదార్థాలు బరువు వరసలో రాయాలి, పేరులోనో బొమ్మలోనో గొప్పగా చూపించినదాని శాతం చెప్పాలి. ఆ రోలే మూకుడులో మునిగి ప్లేటులోకి వచ్చేసరికి మౌనవ్రతం పడుతుంది.

ఊళ్లో బండి దగ్గర చికెన్ పకోడీ పావుకిలో అంటే తూచి పొట్లం కడతారు (శనగపిండి బరువూ అందులోనే, అది వేరే గొడవ). ప్రయాణికులారా, కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో కోడి ఎన్ని గ్రాములు?