ఎన్ని ఓడలు ముంచావని అడుగుతారు

నేను ఐ.ఎన్.ఎస్. కుర్సురాను. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు చేర్చి నిలబెట్టిన 91 మీటర్ల జలాంతర్గామిని. టికెట్టు కొని నా కడుపులోకి దిగేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: యుద్ధంలో ఎన్ని ఓడలు ముంచావని. ఒక్కటీ ముంచలేదు. ఆ మాట వినగానే ముఖం చిన్నబుచ్చుకునేవాళ్ల కోసమే ఈ కథ.

పుట్టింది సోవియట్ దేశంలో. 1969 డిసెంబర్ 18న రీగాలో భారత నౌకాదళంలో చేరాను. కల్వరి, ఖాండేరి, కరంజ్ నాకు అక్కలు. ఖాండేరిది శివాజీ మహారాజు జలదుర్గం పేరు కాబట్టి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. నా పేరు మాత్రం తలా ఒక రకంగా పలుకుతారు, పలకనీ. 1970 ఫిబ్రవరిలో ఇంటిదారి పట్టేసరికి సూయజ్ కాలువ మూసి ఉంది. ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావాల్సి వచ్చింది.

ఆ మధ్య సోలాపూర్ దాజీపేట నుంచి ఒక పద్మశాలి కుటుంబం వచ్చింది. ఏ తాతల కాలంలోనో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మనవడు లోపలికి దిగీ దిగగానే అడిగాడు: "తాతా, సినిమాల గాజీని ముంచింది గిదేనా?"

2017లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు తప్పడం లేదు. గాజీ పాకిస్తాన్ జలాంతర్గామి. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను దెబ్బ తీయాలని 1971లో, మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు, ఇంత దూరం వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు తరలించేశారు. డిసెంబర్ 3 రాత్రి తెల్లవారేలోగా గాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే కారణమని మన నౌకాదళం చెబుతుంది. గాజీ పరిచిన మందుపాతరే పేలిందని పాకిస్తాన్ అంటుంది. సినిమాలో చూపిన జలాంతర్గాముల పోరు మాత్రం కల్పన. అప్పుడు నేను అవతలి సముద్రంలో ఉన్నాను.

కమాండర్ అరుణ్ ఆడిటో నాయకత్వంలో నవంబర్ మధ్యలో అరేబియా సముద్రంలోకి వెళ్లాను. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. అందుకే చేతులు కట్టేసే ఆజ్ఞలిచ్చారు: కేటాయించిన ప్రాంతం దాటకు, వర్తక నౌకల దారికి అడ్డం పోకు, ఎదురుగా ఉన్నది ఎవరి ఓడో రూఢి కాకుండా దాడి చేయకు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలున్న నేను చేసిన పని గస్తీ, నిఘా. నవంబర్ 30న కరంజ్‌ను కలిసి, అక్కడి కబుర్లూ సూచనలూ దానికి అందించి వెనుదిరిగాను.

మనవడు పెరిస్కోప్ పట్టుకుని వేలాడుతుంటే తాత ఇంజిన్ల గదిలో ఆగిపోయాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, దుప్పట్లు, తువ్వాళ్లు నేసిన మనిషి. యంత్రం కనబడితే చేత్తో తడమకుండా ఉండలేడు. "నీళ్ల కింద ఇంజన్లు నడిస్తే పొగ యాడికి పోతది సారూ?" అని గైడును అడిగాడు. నన్ను చూడ్డానికొచ్చినవాళ్లలో ఇంత మంచి ప్రశ్న వేసినవాళ్లు తక్కువ.

గైడు ఒకప్పుడు జలాంతర్గాముల్లో పనిచేసి రిటైరైనవాడు, ఓపిగ్గా చెప్పాడు. పూర్తిగా మునిగితే మూడు డీజిల్ ఇంజిన్లూ ఆపాల్సిందే. బ్యాటరీల మీద విద్యుత్ మోటార్లు నడుస్తాయి. బ్యాటరీ దిగిపోయే లోపల పైకి రావాలి, లేదా స్నార్కెల్ గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటూ ఇంజిన్లు తిప్పి ఛార్జి చేసుకోవాలి. శత్రువు కంటబడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. లోపల 75 మంది, ఒంటికీ బట్టకీ డీజిల్ వాసన. మంచినీళ్లు తాగడానికే, స్నానం ఊసెత్తకూడదు. శత్రువు దగ్గర్లో ఉన్నాడంటే గరిటె కూడా చప్పుడు కాకూడదు.

తాత నవ్వాడు. "మా కార్ఖానల గూడ సైగలే సారూ. సాంచాల చప్పుడుకు మాట ఇనరాదు. మీకాడ మాట ఇనబడితే పానం పోతది."

గురి తప్పకుండా మాట్లాడాడు. ఆ యుద్ధంలో సముద్రంలో పోయిన ప్రాణాలు ఎన్నో. 1971 డిసెంబర్ 9న డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. గాజీతో పాటు 90 మందికి పైగా పోయారు. వాళ్లూ ఎవరో తల్లుల పిల్లలే. గాజీ మునిగిన డిసెంబర్ 4నే నేను బొంబాయి చేరాను, నాలో ఉన్నవాళ్లందరితో. నన్ను లెక్క అడగాలనుకుంటే ఆ లెక్క అడగండి.

తర్వాతి రోజుల్లో చెప్పుకోదగ్గది ఒకటుంది. 1980లో నన్ను పక్కన పెట్టి, నా భాగాలు విప్పి చెల్లెలి వరసయ్యే వాగ్లికి బిగించారు. మళ్లీ బాగుపడి 1985లో నీళ్లలోకి దిగాను. 2001 ఫిబ్రవరి 27న రిటైరయ్యేనాటికి 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగాను. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఇక్కడే ఉన్నాను.

సోలాపూర్ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: పెద్దవాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి రాకండి, లోపలికి తీసుకురండి. గుండ్రటి గుమ్మాల్లో ఒంగి దాటడం కొంచెం కష్టమే, మెల్లగా దాటించండి. సోమవారం మాత్రం రావద్దు, ఆ రోజు నాకు సెలవు.