నాలుగు మినార్లు, నలభై సెల్ఫీలు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌కు నాలుగు ముఖాలు. చూడవచ్చినవారికి కనిపించేది ఒక్కటే, ఫోన్‌లో సొంత ముఖం. మెట్లు 149, ఇరవయ్యో మెట్టు దగ్గరే చరిత్ర మీద ఆసక్తి తగ్గి బిర్యానీ మీద పెరుగుతుంది. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వచ్చాడని చెప్పే ఏర్పాటట అది! ఇప్పుడు పొద్దస్తమానం చప్పట్లే, అంటే పొద్దస్తమానం ముట్టడే. అసలు యుద్ధం మాత్రం లాడ్‌బజార్‌లో, లక్కగాజుల దగ్గర. చెప్పిన ధరలో సగానికి అడిగి, ముప్పావుకి కొని, గెలిచామనుకుంటూ నడుస్తుంటే పక్క కొట్టువాడు ఆ సగానికే పిలుస్తాడు. ఓదార్పుకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇక సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి శుక్రవారం గేటు దగ్గరే తెలుస్తుంది.