పిల్లను తప్ప అన్నీ కొలిచాం

మండల కేంద్రంలో ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఐదు రోజుల శిక్షణ విజయవంతంగా ముగిసింది. విజయవంతం కాకుండా ముగిసిన శిక్షణ ఒక్కటైనా మన జిల్లా పేజీల్లో అచ్చయినట్టు నాకు గుర్తు లేదు. ధాన్యం కొనుగోలు విఫలమవుతుంది, కాలువల పూడికతీత విఫలమవుతుంది, చంద్రయాన్ సైతం 2019లో దిగబోయి కూలింది. టీచర్ల శిక్షణ మాత్రం ఎన్నడూ కూలదు. ఇస్రోకు అంతుపట్టని రహస్యమేదో ఎంఈఓ ఆఫీసు బీరువాలో ఉంది.

తీసి చూస్తే పెద్ద రహస్యమేమీ కాదు. ఏది కొలిస్తే నూటికి నూరు వస్తుందో దాన్నే కొలుస్తాం. హాజరు కొలుస్తాం, యాప్‌కు ముఖం చూపించి, పొద్దున ఒకసారి, సాయంత్రం మరోసారి. పంచిన మాడ్యూళ్లు కొలుస్తాం. గంటలు కొలుస్తాం. మొదటి రోజు ప్రీ టెస్ట్ పెట్టి, చివరి రోజు అవే ప్రశ్నలతో పోస్ట్ టెస్ట్ పెడతాం. మధ్యలో నాలుగు రోజులు జవాబులు చెబుతూనే ఉంటాం కాబట్టి ఆ పరీక్షలో మార్కులు పెరగకుండా చూసుకోవడానికి అసాధారణమైన ప్రతిభ కావాలి. ఆఖర్న ఫీడ్‌బ్యాక్ ఫారం. రిసోర్స్ పర్సన్ బోధన ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు. నాలుగో గడి లేదు. పక్కన కూర్చున్న ఆ రిసోర్స్ పర్సనే ఫారాలు వసూలు చేస్తాడు, వచ్చే స్పెల్‌లో మనమే రిసోర్స్ పర్సన్ కావచ్చు, కాబట్టి అందరం చాలా బాగుందికే టిక్కు పెడతాం. ఒక్క భోజనం గడిలో మాత్రం టీచర్లు మొహమాటపడరు. ఐదు రోజుల్లో పోగైన సమాచారమంతటిలో శాస్త్రీయంగా నమ్మదగినది సాంబారు గురించిన భాగమే.

ఈ కొలతలకు ఒక మెట్ల లెక్క ఉంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1959లో చెప్పాడు. మొదటి మెట్టు, వచ్చినవాళ్లకు శిక్షణ నచ్చిందా? రెండోది, ఏమైనా నేర్చుకున్నారా? మూడోది, తిరిగి వెళ్లాక పని తీరు మారిందా? నాలుగోది, ఆ మార్పు వల్ల ఫలితం వచ్చిందా? ఆయన కంపెనీల్లో సూపర్‌వైజర్ల శిక్షణను దృష్టిలో పెట్టుకుని చెప్పాడు గానీ, బడికి వర్తింపజేస్తే నాలుగో మెట్టు మీద మూడో తరగతి పిల్ల కూర్చుని ఉంటుంది, రెండో తరగతి వాచకం చేతిలో పట్టుకుని. మనం మొదటి మెట్టు మీద గ్రూప్ ఫొటో దిగుతాం, రెండో మెట్టు మీద సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటాం, ఆయాసం వచ్చి దిగిపోతాం.

ఆ పిల్ల చదువుతోందా అంటే, పల్లె పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక చూడండి. దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3. పెరిగిందన్నమాట, సంతోషమే. ఎందువల్ల పెరిగిందని అడగండి. శిక్షణ విభాగం శిక్షణల వల్ల అంటుంది. పాఠ్యపుస్తకాల విభాగం పుస్తకాల వల్ల అంటుంది. కోవిడ్‌లో మూతబడ్డ బడులు మళ్లీ తెరుచుకున్నందువల్ల కూడా కావచ్చు కదా అని ఎవరైనా గొణిగితే, మూతబడ్డ బడులకు విభాగం లేదు కాబట్టి ఆ వాదన మినిట్స్‌లోకి ఎక్కదు.

అంకెల విషయంలో మాత్రం మనకు ఏ దేశమూ సాటి రాదు. 2019 ఆగస్టులో కేంద్రం నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. లక్ష్యం, ఎలిమెంటరీ స్థాయిలో దాదాపు 42 లక్షల మంది టీచర్లు, హెడ్మాస్టర్లు. మరుసటి ఏడు కోవిడ్ వచ్చి శిక్షణంతా దీక్ష పోర్టల్ ఎక్కింది. 2020 జూలైలో ఆన్‌లైన్ నిష్ఠకు దేశంలోనే తొలి బ్యాచ్ మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లు. ఫోన్లో వీడియో దాని మానాన అది ఆడుతుండగా పప్పుకు పోపు పెట్టుకోవచ్చన్న సంగతిని దేశంలో మొదట కనిపెట్టింది ఎవరో నేను చెప్పను. నూతన విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ కావాలంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఏడాదికి 20 రోజులనేవారు. రోజులు గంటలయ్యాయి, మండల కేంద్రం సెల్‌ఫోనయింది. ఆ పిల్ల వాచకంలో ఎన్నో పేజీ దాకా వచ్చిందన్న కాలమ్ మాత్రం రెండు ఫార్మాట్లలోనూ లేదు.

పోనీ, నిజంగానే కొలుద్దామని ఒక అమాయక అధికారి పూనుకున్నాడనుకుందాం. జూన్‌లో బేస్‌లైన్ పెడతాడు, పిల్లలు వేసవి సెలవుల్లో గుణింతాలు మామిడితోటలో వదిలేసి వచ్చిన వేళ. మార్చిలో ఎండ్‌లైన్. మధ్యలో పిల్లకు తొమ్మిది నెలల వయసు పెరిగింది, అక్క పుస్తకాలు తిరగేసింది, ట్యూషన్‌కు వెళ్లింది. పెరిగిందంతా శిక్షణ ఖాతాలోకే. రెండు పరీక్షలూ పెట్టేది, దిద్దేది, అప్‌లోడ్ చేసేది ఆ టీచరే కనుక అనుభవజ్ఞుల సంభాషణ ఇలా సాగుతుంది.

"సార్, మా బడిలో బేస్‌లైన్ బాగానే వచ్చింది."

"అదేంటి మాస్టారూ, అనుభవం ఉన్నవాళ్లు మీరే ఇలా చేస్తే ఎలా? ఇప్పుడే బాగా వస్తే మార్చిలో ఏం చూపిస్తారు?"

అసలు చిక్కు ఇంకోటుంది. శిక్షణ ప్రభావాన్ని కొలిచే శాస్త్రమంతా ఒక టీచరు, ఒక తరగతి, ఒక ఏడాది అన్న ఊహ మీద నిలబడింది. ఆ శాస్త్రజ్ఞుణ్ని తీసుకొచ్చి మన ఇద్దరు టీచర్ల, ఐదు తరగతుల బడిలో కూర్చోబెట్టండి. మూడో తరగతి లెక్కల మీద శిక్షణ పొందిన మేడం తిరిగొచ్చేసరికి ఐదో తరగతి ఇంగ్లీషు ఆమె కోసం కాచుకుని ఉంటుంది. దసరాకు బదిలీ ఉత్తర్వులొస్తాయి. సంక్రాంతికి హేతుబద్ధీకరణలో బడే పక్క ఊరికి పోతుంది. శిక్షణ ఒక చోట, టీచరు ఒక చోట, పిల్ల ఒక చోట. ఈ మూడింటినీ కలిపే గీతను ఏ కంప్యూటరు గీస్తుంది?

ఏకోపాధ్యాయ బడుల్లో మాత్రం లెక్క తేలిక. కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ బడుల గణాంకాల్లో, 2024-25లో దేశం మొత్తం మీద ఇలాంటి బడులు లక్ష దాటాయి, అందరికంటే ఎక్కువగా 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ ఉన్న ఒక్క టీచరూ శిక్షణకు వెళితే పక్క బడి నుంచి సర్దుబాటు చేస్తారు, లేదంటే తాళం వేస్తారు. సందేహానికి తావు లేని ఫలితం దొరికేది అక్కడే. ఐదు రోజుల శిక్షణకు ఐదు రోజుల పాఠం పోయింది.

ఇవన్నీ కొత్త బాధలని ఎవరూ అనుకోవద్దు. 1980ల నడుమ బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, పాత మాస్టార్లు ఇప్పటికీ ఏపెప్ అని ముద్దుగా తలుచుకుంటారు. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పనిచేయాలి, తలా ఒక వేగం ఉంటుందని గుర్తించాలి, చుట్టుపక్కల ఉన్న వాటితో పాఠం చెప్పాలి, ఇలా. అన్నీ మంచి మాటలే, ఇప్పటి మాడ్యూళ్లలో పేర్లు మార్చుకుని అవే ఉన్నాయి. ఆరింటిలో ఒకటి పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలన్నది. తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి ఆనేది అదొక్కటే. పిల్ల తల లోపల ఏం జరిగిందో గుమ్మంలో నిలబడితే కనబడదు, దారానికి వేలాడే బొమ్మలు కనబడతాయి. అందుకే పథకం పోయినా దారం మిగిలింది. ఇప్పుడు దాన్ని ఫొటో తీసి అప్‌లోడ్ కూడా చేస్తున్నారు.

మన దగ్గరే జరిగి, మనమే చదవని ఒక కథ చెబుతాను. 2005లో అజీం ప్రేంజీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టాయి. నడిపిన పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అందులో ఒక భాగం ఇది. వంద బడుల టీచర్లకు వాళ్ల పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో విడమరచిన రిపోర్టులిచ్చారు, వాటిని ఎలా వాడుకోవాలో చెప్పారు, అప్పుడప్పుడు వెళ్లి తరగతి చూసి వచ్చారు. ఏడాది చివర ఇవేమీ అందని బడులతో పోల్చారు. పరిశీలకులు కూర్చున్నప్పుడు రిపోర్టులందుకున్న టీచర్లు మెరుగ్గా పాఠం చెప్పారు. బయటివాళ్లు పెట్టిన పరీక్షలో ఆ పిల్లలకూ మిగతా పిల్లలకూ తేడా లేదు.

ఈ రెండు వాక్యాలను కలిపి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. టీచర్లకు బాగా చెప్పడం వచ్చు. ఎవరైనా చూస్తుంటే చెబుతారు. మనమేమో వాళ్లకు చెప్పడం రాదనుకుని ఇరవయ్యేళ్లుగా నేర్పుతున్నాం. ఈత వచ్చినవాణ్ని ఏటా పట్టుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టి ఈత మీద పవర్‌పాయింట్ చూపిస్తున్నామన్నమాట.

అదే ప్రయోగంలో ఇంకో భాగం, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్. రెండేళ్లయ్యాక ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. టీచరుకున్న డిగ్రీలు, శిక్షణ అర్హతలు తమంతట తాము మార్కులను కదల్చలేదు. బోనస్ తోడైన చోట అవే అర్హతలు పనికొచ్చాయి. బోనసే మందని నేననను, దాని గొడవలు దానికున్నాయి, యూనియన్ల సోదరులు నా ఇంటికి రావక్కర్లేదు. నేర్చుకున్నది వాడాల్సిన అవసరం బడిలో ఉంటేనే శిక్షణ పిల్లదాకా చేరుతుందన్నది మాత్రం ఆ లెక్కల్లో కనబడుతోంది.

మనం ఒక్కళ్లమే కాదు లెండి. అమెరికాలో 2007లో టీచర్ల శిక్షణకూ పిల్లల చదువుకూ సంబంధం చూపే అధ్యయనాలను 1,300 పైగా పోగేసి జల్లెడ పట్టారు. కచ్చితమైన ప్రమాణాలకు నిలబడ్డవి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఎలిమెంటరీ టీచర్ల మీద చేసినవే. వాటిలో సగటున 49 గంటల శిక్షణ దొరికిన చోట పిల్లలు గట్టిగానే లాభపడ్డారు, పద్నాలుగు గంటలలోపు సరిపెట్టిన చోట చెప్పుకోదగ్గ ఫలితం లేదు. చికాగో పేద ప్రాంతాల బడుల్లో కాస్త అదనపు శిక్షణ ఇస్తే మార్కుల్లో కదలిక లేదు. జెరూసలేం లౌకిక బడుల్లో ఇస్తే పెరిగాయి. అంటే శిక్షణ దండగ అని కాదు. ఏ శిక్షణ, ఎక్కడ, ఎంతకాలం అన్నది కొలిచినవాడికే తెలుస్తుంది.

కొలవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇవ్వలేక విడతలవారీగానే ఇస్తున్నాం. ఏ మండలం ముందో, ఏది తర్వాతో చీటీలు వేసి తేల్చండి. ఈ ఏడాది సగం మండలాలు, వచ్చే ఏడాది మిగతా సగం, ఎవరికీ అన్యాయం లేదు. ఏడాది చివర రెండు సగాల్లోనూ ఆ బడులతో సంబంధం లేనివాళ్లు వెళ్లి ఒక్కొక్క పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, నాలుగు తీసివేతలు చేయించి రావాలి. రెండు సగాల మధ్య తేడా ఉంటే అది శిక్షణది. లేకపోతే ఆ మాడ్యూల్‌ను పక్కన పెట్టి ఇంకోటి రాయాలి. అడ్డంకి ఒక్కటే. తేడా సున్నా అని తేలిన ఫైలు మీద సంతకం పెట్టే అధికారి ఇంకా ఏ గ్రూప్స్ పరీక్షలోనూ ఎంపిక కాలేదు.

ఇక్కడ కుదరదని మాత్రం ఎవరూ అనలేరు. ఆ 2005 ప్రయోగంలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల్లోని ఐదు జిల్లాల నుంచి 500 బడులను ఇలా చీటీల పద్ధతిలోనే విడగొట్టారు. టీచర్లు సమ్మె కట్టలేదు, ఆకాశం ఊడిపడలేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ నా విన్నపం, వచ్చే జూన్ శిక్షణ షెడ్యూలు విడుదల చేసే ముందు మండలాల పేర్లు చీటీల మీద రాయించండి.