డాబా తలుపు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "తమ్ముడూ, ఉరుముతుంటే బట్టల కోసం డాబా ఎక్కకు. ఒకసారి పడ్డాక మళ్ళీ పడదనుకోకు."

అవతారిక: ఢిల్లీలో ఐఐటీకీ జేఎన్‌యూకీ నడుమ ఇరుక్కున్న ఊరు కటవారియా సరాయ్. గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలకు చదవడానికి వచ్చిన మన పిల్లలు ఇక్కడి పీజీల్లో ఏడాదులు గడుపుతారు. అలాంటి ఒక పీజీలో డాబా తలుపుకు అతికించిన కాగితమే ఈ సూత్రం. కర్త పేరు లేదు. సంబోధనను బట్టి సీనియర్ అని ఊహ. కూతవేటు దూరంలో లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం ఉండి కూడా దీనికి ఇన్నాళ్ళూ వ్యాఖ్యానం రాకపోవడం విచారకరం. మెతుకుసీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మాటిచ్చాడు. ఆయనకు మేఘసందేశం దొరికింది. నాకు మేఘం కింద ఆరేసిన బట్టలు దొరికాయి. కనుక ఆ నియమంలో రెండో సగం నాకు వర్తించదు.

టీకా: తమ్ముడూ = ఓ జూనియరూ (వయసులో పెద్దవాడివైనా సరే; ఇక్కడ వరస గదిలో చేరిన తేదీని బట్టి); ఉరుముతుంటే = ఉరుము చెవిన పడుతుంటే, అనగా పిడుగు అందే దూరంలో నువ్వుండగా; బట్టల కోసం = రేపటి మాక్ టెస్టుకు మిగిలిన ఒకే ఒక్క ప్యాంటు కోసం; డాబా = ఇనప రెయిలింగూ, డిష్ యాంటెనాలూ, జీఐ తీగా ఉన్న చోటు; ఎక్కకు = మెట్ల మీదే ఆగిపో. ఇంతవరకు సుగమం. 'ఒకసారి పడ్డాక' దగ్గరే చిక్కంతా.

పూర్వపక్షం: పడినచోట పిడుగు మళ్ళీ పడదని పెద్దలంటారు గదా, అని పక్కగదివాడు. ఆ మాట కుతుబ్ మినార్‌తో చెప్పు, దగ్గరే. 1326లో ఒకసారి, 1368లో మరోసారి పిడుగుదెబ్బ తిన్నట్టు దాని మీది నాగరి శాసనాలే చెబుతున్నాయి. మొదటిసారి ముహమ్మద్ బిన్ తుగ్లక్, రెండోసారి ఫిరోజ్ షా తుగ్లక్ మరమ్మతు చేయించారు. 'నలభై రెండేళ్ళ ఎడమా! నాకు రెండు నిమిషాలు చాలు' అంటాడు పూర్వపక్షి. పిడుగుకు అర సెకను చాలు.

సిద్ధాంతం: మబ్బు నుంచి మొదట దిగే స్టెప్డ్ లీడర్‌కు దారంటూ లేదు. గాలి కరెంటును సులభంగా పోనివ్వదు. అందుకని అది సుమారు 50 మీటర్లు ఒక్క అంగ వేసి, సెకనులో 20,000వ వంతు కాలం ఆగి, ఇంకో అంగ వేస్తుంది. పోతూ పోతూ కొమ్మలు చాస్తుంది. అది నేలను సమీపించేసరికి కింద ఎత్తుగా ఉన్నవాటి నుంచి, అంటే మినారు కొననుంచో, ట్యాంకు పైపునుంచో, తీగ మీది ప్యాంటుకు చెయ్యెత్తిన తమ్ముడినుంచో, ఎదురు పాయ లేస్తుంది. రెండూ కలిస్తే రిటర్న్ స్ట్రోక్: దాదాపు 30,000 ఆంపియర్ల కరెంటు, సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్ల వేడి. కళ్ళు బైర్లు కమ్మేది దీనికే. మామూలు పాఠకుడు కథ ముగిసిందనుకొని డాబా తలుపు తీస్తాడు.

ముగియలేదు. మెరుపు ఆరినా దాని దారి వెంటనే చల్లారదు. అక్కడి గాలి వేడికి పలచబడి ఉంటుంది. 50 మిల్లీసెకన్లు అటూ ఇటూగా మబ్బులో మరోచోటి విద్యుదావేశం ఆ దారిని అందుకుంటే డార్ట్ లీడర్ పుడుతుంది. దీనికి సాధారణంగా అంగలు లేవు, కొమ్మలు లేవు. ఎండిన బోదెలో తొలి తడి నీళ్ళు ఇంకుతూ ఆగుతూ పోతాయి, వెంటనే వదిలిన మలి తడి పరుగెడుతుంది, ఇదీ అంతే. మొదటిది సెకనుకు రెండు లక్షల మీటర్ల చొప్పున దిగితే ఇది కోటి మీటర్ల చొప్పున దిగుతుంది. దిగగానే మరో రిటర్న్ స్ట్రోక్. ఇలా ఒక్క మెరుపులోనే మూడు నాలుగు సార్లు. మెరుపు వణికినట్టు కనబడేది అందుకే. ఈ గుట్టును 1930లలో దక్షిణాఫ్రికాలో బేసిల్ షోన్లాండ్ బృందం బాయ్స్ కెమెరాతో ఫోటోల్లో పట్టింది.

మరి దారి చల్లారితే? సెకనులో పదో వంతు దాటిందంటే వచ్చే లీడర్ మధ్యలో మళ్ళీ అంగలకు దిగవచ్చు, పాతదారి విడిచి వేరే డాబా చూసుకోవచ్చు. ఒకే మెరుపు రెండు చోట్ల నేలను తాకడం అరుదు కాదు. సూత్రకర్త 'అక్కడే' అనలేదు, 'పక్కన' అనలేదు. ఊరికే 'మళ్ళీ' అన్నాడు. రెండూ ఇమిడాయి. అతనిది ఎలక్ట్రికల్ బ్రాంచే అయి ఉండాలి.

పాఠాంతరం: కాగితం అడుగున పెన్సిలుతో "అర్జునా ఫల్గుణా అనుకుంటూ ఎక్కవచ్చు" అని ఉంది. ఇది ప్రక్షిప్తం. ఆ పది పేర్లు భయానికి మందేమో గానీ లీడర్‌కు అడ్డుకావు. మెరుపుకీ ఉరుముకీ నడుమ కాలం కొలవడానికైతే పనికొస్తాయి: మూడు సెకన్లకు ఒక కిలోమీటరు.

తాత్పర్యం: ఓ తమ్ముడా, ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి డాబా ఎక్కు. ప్యాంటు తడిస్తే తడవనీ. మాక్ టెస్టుకు నిక్కరుతో వెళ్ళినా రానిస్తారు.