కొలిమి తెలిసిన వారి కెటిల్

చలి మొదలైతే జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో తెల్లారేది టీతోనే. ఉక్కు కర్మాగారంలో రిటైరైన మన తెలుగాయన ఒకరున్నారనుకోండి. బ్లాస్ట్ ఫర్నేసు పైనుంచి వచ్చే వాయువును కూడా వదలకుండా పట్టి, గాలిని వేడిచేసే స్టవ్‌లకు ఎలా పంపుతారో అరగంట పాఠం చెప్పగలరు. ఆ పాఠం సాగినంతసేపూ వంటింట్లో ఆయన పెట్టిన గిన్నె మూత లేకుండా కుతకుతలాడుతూనే ఉంటుంది.

కెటిలైతే మరీ ఘోరం. తాగేది ఇద్దరు, పోసేది లీటరున్నర.

“ఏవండీ, చుట్టాలెవరైనా వస్తున్నారా?”

“ఉండనీవే, మళ్లీ పనికొస్తాయి.”

పనికొచ్చే వేళకు చల్లారతాయి. మళ్లీ మీట నొక్కుడే.

లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 100కు తేవాలంటే, నష్టాలేమీ లేకున్నా, 87 వాట్-అవర్ల కరెంటు కావాలి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు పది గంటలు వెలిగేంత! ఆ బల్బును మాత్రం మనవడు గది దాటిన మరుక్షణం ఆర్పేస్తారు, పొదుపు మీద ఉపన్యాసంతో సహా.

ఇక గ్యాస్ మీద పెడితే, మరిగాక కూడా మంట పెద్దదే. ఆవిరి పెరుగుతుందే గానీ నీళ్ల వేడి 100 దాటదు. 1,500 డిగ్రీల ఇనుము చూసిన కళ్లకు వంద ఆనదు కాబోలు!

మొన్న ఇల్లాలే గ్లాసుతో కొలిచి నీళ్లు పోసి, మూత పెట్టి, మరిగాక మంట తగ్గించింది. టీ చకచకా అయిపోయింది. ఈసారి సిలిండరులో సరుకు మంచిదొచ్చిందని ఆయన తేల్చేశారు.