‘ఉత్తర్వుల మేరకు’ గారికి, పులిహోర విషయమై

మహారాజశ్రీ ‘ఉత్తర్వుల మేరకు’ గారి సముఖానికి,

మా ఊరి నగర వనం గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు మీద, బారెడు నిషేధాల జాబితా కింద తమరి పేరు చూశాను. హోదా గానీ ఫోన్ నంబరు గానీ లేవు కనుక బోర్డు మీద ఎలా ఉందో అలాగే సంబోధిస్తున్నాను. తమరు కులాసా అని తలుస్తాను. మేమైతే మొన్న కార్తీక ఆదివారం, మిట్టమధ్యాహ్నం, ఎనభైకి దగ్గరపడిన మా అత్తయ్యగారిని కూర్చోబెట్టుకుని, తమరి గేటు ముందు రోడ్డు వారన, కారు డిక్కీ తెరుచుకుని వనభోజనం చేశాం. లారీలు వెళ్తున్నప్పుడల్లా పులిహోర మీద మూత పెట్టాల్సివచ్చింది. కారణం, తమరి జాబితాలోని ‘బయటి ఆహారము లోనికి అనుమతించబడదు’ అనే వాక్యం.

వనభోజనానికండీ! భోజనం లేకుండా వనభోజనం ఎలా చేస్తారో తమరే ఒకసారి చేసి చూపించండి, టికెట్ కొనుక్కుని మరీ వచ్చి చూస్తాం.

పరిశుభ్రత కోసమన్నారు. సరే. గేటు దగ్గర కుర్రాడు మా సంచి మొత్తం తీయించి చూశాడు. స్టీలు క్యారియరులో పులిహోర, దద్దోజనం, కంద బచ్చలి కూర, ఉసిరికాయ పచ్చడి. రాగి చెంబు. గుడ్డసంచిలో అడ్డాకు విస్తళ్ళు. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి లేదు. విస్తళ్ళు పట్టుకుని ‘ఇవి చెత్త అవుతాయి మేడమ్’ అన్నాడు. పాడేరు కొండల్లో ఆడవాళ్ళు అడవిలో తిరిగి కోసుకొచ్చి, ఎండబెట్టి, పుల్లలు గుచ్చి కుట్టే ఆకులవి. అడవి ఆకు వనంలోకి వస్తే చెత్తట! కుర్రాణ్ణి ఏమీ అనను. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు, కుర్చీ కూడా ఇవ్వలేదు తమరు.

‘లోపల క్యాంటీన్ ఉందండి’ అన్నాడు పాపం. మా ఆయన డిక్కీ దగ్గర వడ్డిస్తుంటే నేను టికెట్ తీసుకుని వెళ్ళి చూసొచ్చాను. ఎగ్ ఫ్రైడ్ రైస్, చికెన్ నూడుల్స్. ఈ కార్తీకమంతా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని మా అత్తయ్యగారికి! అవీ ప్లాస్టిక్ ప్లేట్లలో, ప్లాస్టిక్ చెంచాలతో. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లేట్లూ చెంచాలూ అవే కదా. ఆ నిషేధానికి బోర్డు మీద చోటు చాల్లేదా, క్యాంటీన్ కాంట్రాక్టరు వేలంపాటలో అది కూడా కొనుక్కున్నాడా?

నేను గేటు దాటుతుండగానే ఓ కేటరింగ్ వ్యాను వచ్చి హారన్ కొట్టింది. రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. ఏదో కుల సంఘం వారి కార్తీక సమారాధన. ఏ కులమో రాయను, రాస్తే ఈ ఉత్తరం సంగతి వదిలేసి అందరూ దాన్నే పట్టుకుంటారు. ఏదైతేనేం, అన్నిటికీ అదే వేదిక, అదే డీజే, అవే శాలువాలు, ఎమ్మెల్యే గారి కోసం వంటకాలు చల్లారబెట్టుకుని కూర్చునే అదే జనం. ఎన్నికలు దగ్గరపడేకొద్దీ కార్తీక పుణ్యం కూడా పెరుగుతుంది లెండి. ఫ్లెక్సీని చెట్టుకి మేకులు దిగ్గొట్టి కట్టారు. చెట్టుకి మేకు కొట్టరాదని తమరి జాబితాలో ఎక్కడా లేదు, చూశాను. ‘వాళ్ళకి పర్మిషన్ ఉంది మేడమ్, సంఘం లెటర్‌హెడ్ మీద అప్లై చేసుకున్నారు’ అన్నాడు కుర్రాడు. వీధిలో వాళ్ళంతా తలో గిన్నె పట్టుకొచ్చి ఒకే చెట్టు కింద కూర్చోవడమే మా అత్తయ్యగారికి తెలిసిన వనభోజనం. దానికి లెటర్‌హెడ్ ఎవరు వేయిస్తారు?

ఇక చెట్టు. కార్తీకంలో ఉసిరి నీడన తినాలి. తమరి వనమంతా తిరిగాను, ఒక్క ఉసిరి లేదు. ఉన్నది కోనోకార్పస్. తెలంగాణలో హరితహారంలో నాటి నాటి, చివరికి నర్సరీల్లో పెంచొద్దని ప్రభుత్వమే చెప్పిన ఆ మొక్కకి ఇక్కడ డ్రిప్పు పెట్టి నీళ్ళు పోస్తున్నారు. సిమెంటు జింకలున్నాయి. సిమెంటు చెట్టొకటి ఉంది, దాని తొర్రలోంచి సినిమా పాటలు వస్తాయి. మరుగుదొడ్డికి తాళం ఉంది. సంఘం వారు తెలివైనవారు, కుండీలో ఉసిరి మొక్కని వ్యానులో తెచ్చుకుని దాని పక్కన ఫొటోలు దిగారు.

2020లో పర్యావరణ దినోత్సవం నాడు అయిదేళ్ళలో 200 నగర వనాలని కేంద్రం చెప్పినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అసలు పచ్చదనమంటే పచ్చరంగని తమరికి ఎవరు చెప్పారండీ? విశాఖలో రుషికొండని తొలిచేసి, తొలిచిన మేర కనపడకుండా ఆకుపచ్చ పట్టా పరిచారు. అక్కడి బీచిలో కాలు పెట్టడానికి 2023లో 20 రూపాయలు వసూలు చేయబోయి, జనం తిట్టిపోస్తే మానుకున్నారు. అటు హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 2025లో వరస సెలవులు చూసుకుని చెట్ల మీదికి బుల్డోజర్లు దించారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అడ్డుపడితే గానీ ఆగలేదు. రాష్ట్రాలు వేరు, పార్టీలు వేరు, పద్ధతి ఒకటే. బుల్డోజరుని సంచి విప్పి చూపించమని అడిగిన గేటు ఒక్కటి లేదు, నా దద్దోజనానికి మాత్రం తనిఖీ!

అయ్యా, కార్తీకం ఇంకొక్క ఆదివారం మిగిలింది. మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతో ఏడాదికోసారి ఇందుకే బయల్దేరతారు. మొన్న ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే నాకు బాధ. విస్తళ్ళు లెక్కపెట్టి లోపలికి పంపండి, లెక్కపెట్టి బయటికి తీసుకోండి. సంచికి డిపాజిట్ కట్టమంటే కడతాం. కాంట్రాక్టరుకి నష్టమంటే తలో రెండు టీలు తాగుతాం. ఉసిరి లేకపోతే పోనివ్వండి, ఆ కోనోకార్పస్ కిందే కూర్చుంటాం. లెటర్‌హెడ్ అయితే లేదు. తెల్లకాగితం మీద రాసిస్తే చెల్లుతుందంటే శనివారం సాయంత్రం లోపల గేటు కుర్రాడికి చెప్పించండి. గారెలకి పప్పు ఆ రాత్రే నానబోసుకోవాలి.

ఇట్లు,
తమ విధేయురాలు