ఒకసారి చూసొచ్చినాయన

ఒకసారి చూసొచ్చినాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. జి.మాడుగులలో ఉన్నాయన విమానం చూసొచ్చినాయన. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన ప్రదర్శనశాలను 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇతనికి చదువంతా అబ్బింది అక్కడే. చదివింది ఒక్క సాయంత్రం. దగ్గరి చుట్టాన్ని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చేర్పించి, రిపోర్టులు రేపు ఇస్తామంటే, ఆ ఖాళీలో కాళ్లు బీచ్ వైపు నడిచాయి. గంటసేపు చూశాడు. ఆ గంట మీద పడ్డ వడ్డీతో ఏళ్ల తరబడి బతుకుతున్నాడు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, ఈ ఊరు విశాఖ జిల్లా నుంచి అందులోకి వచ్చాక ఇతని గిరాకీ పెరిగింది. అంతకు ముందు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో తేలని పని దేనికైనా కాగితాలు చంకన పెట్టుకుని విశాఖ కలెక్టరాఫీసు దాకా దిగాల్సిందే. కాబట్టి సముద్రం చూసినవాళ్లకు ఊళ్లో కరువుండేది కాదు. ఇప్పుడు కలెక్టరు పాడేరులోనే ఉంటారు. పని అక్కడే అవుతుంది, లేదా అక్కడే ఆగుతుంది. జిల్లా రావడం వల్ల కలిగిన లాభాల జాబితాలో ఇది ఎవరూ రాయలేదు గానీ, విశాఖ తెలిసిన మనిషికి విలువ వచ్చింది.

దసరా సెలవుల్లో మూడు నాలుగు కుటుంబాలు కలిసి ఎక్కడికైనా వెళ్దామనుకోగానే ఇతను బయటపడతాడు. కొత్తపల్లి జలపాతం ఉంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోడు. అది సొంత మండలంలోదే, అందరూ చూసిందే. అక్కడ ఇతను చెప్పడానికి ఏమీ ఉండదు. విమానమే ఖాయమవుతుంది. బండి మాట్లాడటం బావమరిదికి, పులిహోర, పెరుగన్నం ఆడవాళ్లకు, డబ్బు వసూలు మేస్టారికి పడతాయి. ఇతని వంతు సలహా. ఆ సలహాల్లో నూటికి నూరుపాళ్లు నిజమైనది ఒకటుంది: ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఆనాడు ఆసుపత్రికి వెళ్లింది సోమవారం కావడంతో మొదటిరోజు గేటు దగ్గర నుంచే తిరిగి రావలసి వచ్చింది గనుక ఈ సంగతి బాగా తెలుసు. బయల్దేరేది గురువారమైనా నలుగురికీ నాలుగుసార్లు చెబుతాడు.

బండిలో డ్రైవరు పక్క సీటు ఇతనిది. ఎందుకంటే దారి తెలుసు. డ్రైవరు వారానికి నాలుగుసార్లు పాడేరు ఘాట్ దిగి చోడవరం వెళ్లొచ్చేవాడే అయినా, ప్రతి మలుపుకూ ముందు చెయ్యి చాపి ‘మలుపు’ అనేది ఇతనే. మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆగుతుంది. అందరూ దిగి దణ్ణం పెట్టుకుంటారు. మొదటి ఉపన్యాసం ఇక్కడే మొదలై, వెనక సీట్లో పిల్లలు వాంతులకు తలలు బయటపెట్టినా ఆగక, ఘాట్ అయిపోయే దాకా సాగుతుంది.

చీకటితో బయల్దేరిన బండి పది గంటలకల్లా బీచ్‌లో ఉంటుంది. మామూలు రోజుల్లో ప్రదర్శనశాల తలుపులు తెరిచేది మధ్యాహ్నం రెండింటికి. ఇది ఇతనికి తెలియదు. తెలియలేదని మాత్రం ఎవరికీ తెలియనివ్వడు. “ముందు కైలాసగిరి అనుకున్నాం కదేటి” అంటాడు. ఎవరూ అనుకోలేదు.

అసలు విశ్వరూపం విమానం ముందు. ఆ విమానం కూడా మామూలుది కాదు: సోవియట్ రష్యా తయారీ, పొడవు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఒక్కొక్కదానికి ముందొకటి వెనకొకటిగా రెండేసి పంఖాలు, ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి. చూసొచ్చినాయన దాని కింద నిలబడి, పైకి చూడకుండా, “1971 యుద్ధంలో ఘాజీని ముంచింది ఇదే” అని ప్రకటిస్తాడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరాన మునిగింది 1971 డిసెంబరులోనే. మన నౌకాదళానికి ఈ రకం విమానాలు వచ్చింది 1988లో. ముందు గోవాలో, తర్వాత తమిళనాడులోని అరక్కోణంలో ఉండి, 2017 మార్చి 29న కొలువు నుంచి దిగిపోయాయి. పదిహేడేళ్ల తేడాను ఒక్క చేతి ఊపుతో పూడ్చడం ఈ రకానికి కష్టమేమీ కాదు.

చిక్కు పిల్లలతోనే వస్తుంది. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివే పిల్ల అటు దుకాణాల్నీ ఇటు కరెంటు స్తంభాల్నీ చూసి, “మావయ్యా, ఇంత రెక్కలతో ఈ రోడ్డు మీదకి ఎలగొచ్చింది? తీగలు తెగిపోలేదా?” అని అడుగుతుంది.

“రాత్రిపూట దింపారమ్మా. కరెంటు తీసేసి.”

నిజానికి అది తన చివరి ప్రయాణంలో విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. అక్కడ భాగాలుగా విప్పి, పెద్ద బండ్ల మీద బీచ్‌కు చేర్చి, మళ్లీ బిగించారు. ఘాట్ రోడ్డులో లారీ ఇరుక్కుంటే పూటంతా కూర్చోవడం అలవాటైన పిల్లలకు ఈ నిజం చెబితే ఇంకా బాగా నచ్చేది.

లోపలి హాల్లో ఇంజను, పంఖా, క్షిపణి, ప్రాణరక్షణ సామగ్రి ఉంటాయి. గొట్టం ఆకారంలో ఉన్న ప్రతిదీ ఇతని లెక్కలో బాంబే. వాటిలో సోనోబోయ్ అనే పరికరం ఉంది. విమానం నుంచి సముద్రంలోకి జారవిడిస్తే, నీళ్లలో తేలుతూ, అడుగున పోయే జలాంతర్గామి చప్పుడు పట్టి, రేడియోలో పైకి పంపుతుంది. గంటల కొద్దీ ఎగురుతూ ఆ చప్పుళ్లు వినడమే ఈ విమానం ఉద్యోగం. జలాంతర్గాముల్ని వెతకడానికే పుట్టిన యంత్రానికి పింఛను రోజుల్లో, రోడ్డు దాటితే చాలు, ఎదురుగా ఒక జలాంతర్గామిని ఒడ్డున పెట్టి చూపించారు. ఈ తమాషా ఒక్కటి చెప్పినా చాలు, టిక్కెట్టు డబ్బులు గిట్టేవి. చూసొచ్చినాయనకు అది తట్టదు.

కుర్సురలోకి వెళ్దామంటే మాత్రం వెనకాడతాడు. “లోపలంతా ఇరుకు. చూడ్డానికి ఏటీ లేదు” అంటాడు. అందులోకి ఇతను ఎన్నడూ అడుగుపెట్టలేదన్న సంగతి ఇతని భార్యకు తెలుసు.

ఆవిడ గురించి విడిగా చెప్పాలి. ఆవిడ ప్రతి బోర్డు ముందూ నిలబడి పూర్తిగా చదువుతుంది. పదిమందిలో మొగుణ్ని దిద్దదు. విమానం మెట్ల దగ్గర వరసలో నిలబడ్డప్పుడు మేస్టారి భార్యకు మెల్లగా చెబుతుంది, “ఘాజీ కాదొదినా, ఇది అప్పటికి రానేలేదు” అని. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకి, ఫోటోలయ్యేసరికి ఆడవాళ్లందరికీ, ఐస్‌క్రీములయ్యేసరికి పిల్లలందరికీ చేరుతుంది. తిరుగు ప్రయాణంలో బండి చోడవరం దాటేటప్పటికి ముందు సీట్లో ఒక విమానం, వెనక సీట్లలో మరో విమానం ఉంటాయి. ముందు సీటు విమానం ఘాజీని రెండోసారి ముంచుతుండగా వెనక సీట్లవాళ్లు నిద్ర నటిస్తారు. కొంతసేపటికి నిజంగానే నిద్రపోతారు.

జి.మాడుగులలో దిగాక మేస్టారు డీజిల్, టిక్కెట్లు, టిఫిన్లు తలకింతని పంచి చదువుతారు. చూపించినవాణ్ని తలల్లో లెక్కవేయడం న్యాయం కాదని ఇతని అభిప్రాయం. దాన్ని పైకి అనడు, జేబులు తడుముకుంటూ బండి టైర్లు చూస్తాడు. ఇతని వాటా భార్య కొంగుముడి విప్పి ఇచ్చేస్తుంది.